పడవ తిప్పినవాళ్ళం

వలలు దులిపిన రోజు

ఈ పూట మంచు బాగా పట్టింది. అత్తా నేనూ ఉత్తరపు వరస వలలు దులిపేసరికి బిందెలు నిండాయి. చివరి వలలో ఒక మూల చిరిగింది. ఇసుక నక్క కొరికి ఉంటుంది.

మా ఆయన పోతురాజు సంతలో ఒక రాత పలక కొని తెచ్చాడు. నువ్వు ఐదో తరగతి దాకా చదివావు కదా, ఇంటి సంగతులు రాసి పెట్టు అన్నాడు. వేలు ఆనిస్తే అక్షరం పడుతుంది. నోటితో చెప్పినా పడుతుందట. నాకు నోటితో చెప్పడం చేతకాదు, అందుకని వేలితోనే రాస్తున్నాను.

మా పేట పేరు కొత్తలంక. మా అత్త లంకమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు దివిసీమ సముద్రంలో కలిసిపోతే, మిగిలిన వాళ్ళని వలలతో సహా తెచ్చి ఈ ఎడారిలో దింపారు. చేపలు పట్టిన వలలే ఇక్కడ మంచు పట్టాయి. తాగడానికి మంచు నీళ్ళు, పైరుకీ మిగతా వాటికీ ఇసుకదిబ్బ కింద ఊట. ఆ ఊట దగ్గర రేపు మా వంతు. నేను ఇక్కడే పుట్టాను. సముద్రం అంటే అత్త చెప్పినదే తప్ప ఏమీ ఎరగను.

బయటికి వెళ్ళేటప్పుడు నల్ల అద్దాలు పెట్టుకుంటాను. ఇసుక పడుతుందని కాదు. నావి పిల్లికళ్ళు. జుట్టు కూడా ఎర్రగా ఉంటుంది. మా అమ్మ వైపు అప్పుడప్పుడూ ఇలాంటి పిల్ల పుడుతుందట. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఈ కళ్ళతో ఎదురొస్తే వలలో మంచు కూడా పడదని అత్త అంది. అద్దాలు తనే కొనిపెట్టింది. పేటలో అందరూ నన్ను పిల్లికళ్ళ కోడలనే అంటారు. పేటలో నాంచారీ అని పేరు పెట్టి పిలిచేది మా ఆయన ఒక్కడే.

నాకు ఇప్పుడు అయిదో నెల. పుట్టే బిడ్డ కళ్ళు నల్లగా ఉండాలని అత్త శుక్రవారాలు ఉపవాసం ఉంటోంది.

పడవ దొరికిన రోజు

నిన్నటి గాలికి దిబ్బ సగం ఎగిరిపోయింది. ఊటకాలువలో ఇసుక ఎత్తడానికి వెళ్ళిన మగవాళ్ళు అరుస్తూ వెనక్కి వచ్చారు. పడవ, పడవ అని.

అందరం పరిగెత్తాం. నిజంగానే పడవ. ఇసుకలో బోర్లా పడి ఉంది. పైన ఎద్దుతోలు కప్పి బిగించారు. తల వైపు ఒక తెడ్డు నిలువుగా పాతి ఉంది, మనిషికంటే ఎత్తు. ఈ చుట్టుపక్కల నీళ్ళంటే మా ఊటా, గుట్ట అవతలి ఉప్పు మడుగూ తప్ప ఏమీ లేవు. ఇక్కడికి పడవ ఎవరు తెచ్చారో, ఎన్ని వేల ఏళ్ళ కిందటిదో.

మా ఆయనా, అతని ఈడు వాళ్ళూ ఒక్కరూ పడవ ఎక్కి ఎరగరు. పెద్దవాళ్ళ పాటల్లో విన్నదే. కళ్ళెదుట పడవ కనిపించేసరికి ఆగలేకపోయారు. బోర్లా పడి ఉండడం అపశకునం అనుకున్నారు. అందరూ ఓ పట్టు పట్టి, హైలెస్సా అని, తోలు కోసి తిప్పేశారు. ముందు చెయ్యి వేసింది మా ఆయనే.

కింద ఒక ఆడమనిషి ఉంది.

ఆమె ఒళ్ళు ఉప్పుకీ ఎండకీ ఎండిపోయి తోలులా అయింది గానీ ముఖం చెడలేదు. ఎత్తైన ముక్కు, లోపలికి పోయిన బుగ్గలు. రెండు జడలు, గోధుమ రంగువి. కనురెప్పల వెంట్రుకలు కూడా రాలలేదు. తలకి ఉన్ని టోపీ, దానికో ఈక. పక్కన గడ్డితో అల్లిన చిన్న బుట్ట, అందులో గోధుమ గింజలు. తోలు జోడు ఒకటి చిరిగితే మాసిక వేసి ఉంది. మాసిక వేసినది కొత్త తోలు కాదు, ఏదో పాతది కోసి వేసింది. నేనైతే అలాగే వేసేదాన్ని.

అత్త వెనక నుంచి వచ్చి చూసి అక్కడే కూలబడింది.

"ఎవడ్రా తిప్పింది?" అంది.

మా ఆయన తలొంచుకున్నాడు.

"మనోడు పోతే వాడి పడవ ఒడ్డున బోర్లిత్తార్రా. దాన్ని ఎవుడూ తాకడు. తాకి తిప్పాడా, ఆ సచ్చినోడికి వాడే కొడుకు. కూడు పెట్టాలి, దీపం పెట్టాలి, పదకొండో రోజు మళ్ళీ బోర్లించాలి. మీకెవుడూ సెప్పలేదా?"

ఎవరు చెబుతారు. పడవే లేని చోట పడవ కట్టుబాట్లు ఎవరు చెబుతారు.

ఆ సాయంత్రమే మా ఆయన గుప్పెడు అన్నం తీసుకెళ్ళి ఆమె పాదాల దగ్గర పెట్టి వచ్చాడు. ఎగతాళి చేసినవాళ్ళు చేశారు. నీకు ఇద్దరు తల్లులురా ఇప్పుడు, ఒకామె అరవదు అన్నారు.

కొలతల ఆయన వచ్చిన రోజు

ఆకాశంలో తిరిగే కచేరి కన్ను చూడనిది ఉండదు. నేల కింది నీళ్ళ లెక్క చూసే లోనీటి కచేరి నుంచి కొలతల అధికారి వచ్చేశాడు. సన్నగా, దగ్గుతూ ఉంటాడు. మెడలో మాటపెట్టె వేలాడేసుకున్నాడు. ఆయన తన భాషలో ఒక మాట అంటే అది మన భాషలో వార్తలు చదివినట్టు చదువుతుంది. "గౌరవనీయులైన నివాసితులకు నమస్కారములు" అనగానే పిల్లలు పడీపడీ నవ్వారు.

పెద్దవాళ్ళు నవ్వలేదు. చట్టం అందరికీ తెలుసు. ఎడారి కింద నీళ్ళు ఉన్న చోట పాతకాలపు శవం ఏదీ దొరకకపోతే, వాడుకుంటున్న వాళ్ళదే నీరు. దొరికితే మాత్రం, ఆ శవానికి ఎవరి ముఖం కలిస్తే వాళ్ళది. తొలి ముఖం చట్టం అంటారు. ఈ చట్టంతోనే తూర్పున రెండు పేటలు ఖాళీ చేయించారు.

ఆయన ముఖం పెట్టె తెరిచి ఆమె ముఖం మీద సన్నటి వెలుగు పరిచాడు. పెట్టె మీద గీతలు లేచాయి. ముఖం ఎంత కలిస్తే పచ్చగీత అంత పైకి లేస్తుందట. గుట్ట అవతల ఉన్నవాళ్ళ పెద్ద కూడా వచ్చాడు. వాళ్ళు పడమటి నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ దేశం మంచుగడ్డల కింద పోయిందట. పొడుగ్గా, తెల్లగా, గోధుమ జుట్టుతో ఉంటారు. వలలు కుట్టుకోవడానికి మాకు ఉన్ని ఇస్తారు. వాళ్ళ మడుగు ఏటేటా ఎండిపోతోంది. ఆ పెద్దమనిషి వెళ్ళి ముఖం పెట్టె ముందు నిలబడితే పచ్చగీత సగందాకా లేచింది. మా భాస్కర్రావు బాబాయి, పేటకి ఆయనే పెద్ద, నిలబడితే గీత అడుగు నుంచి కదలలేదు. మా ఆయన నిలబడినా అంతే.

గుట్టవాళ్ళలో ఎల్దా అనే పెద్దామె ఉంది. ఉన్ని తెచ్చేది ఆమే. మన మాటలు కొన్ని వచ్చు. ఆమె శవం పక్కన కూర్చుని ఏడ్చింది.

"ముక్కు మా అమ్మమ్మది. అచ్చం. ఇంత దూరం మేము ముందే వచ్చామా, నాన్‌చారీ?" అని నన్ను అడిగింది. ఆమె ఏడుపు దొంగ ఏడుపు కాదు.

పేట ఖాళీ చేయాలని అందరికీ అర్థమైపోయింది.

అద్దాలు తీయించిన రోజు

ఈరోజు జరిగింది మొదటి నుంచీ రాస్తాను.

కొలతల ఆయనకి మంచినీళ్ళు ఇమ్మని అత్త పంపింది. చెంబు అందిస్తుంటే గాలికి కొంగు జారింది. ఆయన నా జుట్టు చూశాడు. అద్దాలు తీయమని మాటపెట్టె చాలా మర్యాదగా చెప్పింది. నేను కదల్లేదు. అత్తే వచ్చి తీసేసింది.

వెలుగు నా ముఖం మీద పడింది. పచ్చగీత లేచి లేచి గుట్టవాళ్ళ పెద్దకి వచ్చిన గీత దాటి, పైఅంచు దాకా పోయింది. కొలతల ఆయన పెట్టెని తట్టి మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అంతే.

ఒక్క పూటలో అంతా మారిపోయింది. భాస్కర్రావు బాబాయి మా గుమ్మంలోకి వచ్చి నన్ను తల్లీ అన్నాడు. ఊట మనదే, ఈ పిల్ల వల్లే అన్నాడు. పిల్లికళ్ళు అని వెక్కిరించినవాళ్ళు పిల్లల్ని తెచ్చి నా కాళ్ళకి దండం పెట్టించారు. అన్నింటికంటే, అత్త ఈ పూట మొదటి గ్లాసు మంచునీళ్ళు నాకిచ్చింది. మా ఇంట్లో మొదటి గ్లాసు ఎప్పుడూ తనదే.

నాకు సంతోషం వేయలేదని రాస్తే అబద్ధం. అద్దాలు లేకుండా పేట చివరి దాకా నడిచాను. ఇసుక రంగు నేననుకున్నట్టు బూడిదగా లేదు.

కొలతల ఆయనతో మాట్లాడిన రోజు

రుజువుకి కచేరి సాక్షి వస్తాడట. ఆరోజు ఆమె ముఖం, నా ముఖం ఒకేసారి పెట్టె ముందు ఉండాలి. ఆమె నా పూర్వీకురాలని నేను నోటితో చెప్పాలి. ఆ తర్వాత ఊట నా పేరున రాస్తారు. అందాకా శవం ముఖం తెరవాలన్నా, కదపాలన్నా ఎక్కువ గీత వచ్చిన దగ్గరి బంధువు అనుమతి కావాలి. ఇప్పటికి ఆ బంధువుని నేనే. ఇవన్నీ మాటపెట్టె చదివి వినిపించింది. చివర, "పుట్టబోవు శిశువును జననమైన రోజుననే కొలుచుట తప్పనిసరి" అంది.

నాకు అర్థం కాలేదు. గుమ్మం పక్కన నిలబడి, నేల చూస్తూనే అడిగాను. బిడ్డని ఎందుకు కొలుస్తారు అని. నా గొంతు నాకే వినపడలేదు. మాటపెట్టెకి వినపడింది.

నీరు ముఖం వెంట పోతుందట. బిడ్డకి నా ముఖం వస్తే నీరు బిడ్డది. మా ఆయన ముఖం వస్తే బిడ్డకి హక్కు లేదు. అప్పుడు నా తర్వాత నీరు గీతలో రెండో వాళ్ళకి, అంటే గుట్టవాళ్ళకి, పోతుంది. అప్పటిదాకా మా ఆయన, అత్త, పేట అంతా నా దయ మీద నీళ్ళు తాగేవాళ్ళని పెట్టె లెక్క. అత్త పక్కనే ఉండి విన్నది. శుక్రవారాల ఉపవాసం ఆమెకి గుర్తొచ్చిందేమో, నా వైపు చూడలేదు.

ఆమె నిజంగా మా మనిషేనా అని అడిగాను. కొలతల ఆయన చాలాసేపు దగ్గి, మాటపెట్టె తీసి నేలమీద పెట్టాడు. అది చదివింది తక్కువ మాటలే. ముఖం పెట్టె కొలిచేది పైముఖమే. రక్తం కొలత వేరే ఉంది, ఆయన అది కూడా తీసి చూశాడు. అందులో ఆమె గుట్టవాళ్ళ మనిషి కాదు, మా మనిషీ కాదు. ఎక్కడి నుంచో రాలేదు. ఈ ఇసుకలోనే పుట్టిన వాళ్ళ పిల్ల. ముఖాలు ఊరికే కలుస్తాయి. కానీ చట్టం రక్తం అడగదు, అడిగినా ఇక్కడివాళ్ళు అని రాసే గడి లేదు.

మరి మీరెందుకు చెప్పరు అని అడిగాను. ఆయన నా వైపు కాక మాటపెట్టె వైపు చూశాడు. తనకీ ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు అన్నాడు.

చిరుగు కుట్టిన రోజు

ఉత్తరపు వరస చివరి వల ఇవాళ కుట్టాను. మా ఆయన పక్కన కూర్చుని దారం అందించాడు. నేను చెప్పనని అతనితో అన్నాను.

ఏం చెప్పవు అన్నాడు. ఆమె నా పూర్వీకురాలని చెప్పను అన్నాను.

"అట్టా అయితే గుట్టోళ్ళు చెబుతారు, ఊట పోతది. బాబాయి మనల్ని బతకనిత్తాడా?"

"బిడ్డ నీలా పుడితే ఏం చేస్తావు మావా? నీ బిడ్డ నీళ్ళకి ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?"

అతను దారం వేలికి చుట్టుకున్నాడు. నేను అతనితో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. రేపే పదకొండో రోజు అన్నాడు. రుజువు కూడా రేపే. కూడు పెట్టేవాణ్ణి నేనే కదా, మిగతాది కూడా నేనే చెయ్యాలి అన్నాడు.

పదకొండో రోజు

తెల్లవారగానే నేను పొయ్యి మీద ఎసరు పెడుతుంటే అత్త వచ్చి బియ్యం గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. పెద్దదినం కూడు కోడలు ఒక్కతే వండదంది. ఎండుచేప ముక్క దాచి ఉంచింది, అది కూడా వేసింది. అది ఎన్నేళ్ళ నాటిదో అడగలేదు.

మేము దిబ్బ ఎక్కేసరికి అందరూ ఉన్నారు. కచేరి సాక్షి గొడుగు కింద కుర్చీలో ఉన్నాడు. గుట్టవాళ్ళు ఒక వైపు, పేటవాళ్ళు ఒక వైపు. బాబాయి నాకు కొత్త చీర తెచ్చి పట్టుకు నిలబడ్డాడు. నేను పాత చీరలోనే ఉన్నాను. అద్దాలు పెట్టుకోలేదు.

మా ఆయన కూడు పెట్టాడు, నీళ్ళు చల్లాడు, దీపం పెట్టాడు. అత్త ఆమె టోపీ సరిచేసి, మాసిక వేసిన జోడు మీద ఇసుక తుడిచింది. తర్వాత మా ఆయన పడవ అంచు పట్టుకున్నాడు.

బాబాయికి అర్థమై అరిచాడు. "ఒరే పోతురాజూ, ఏం చేత్తన్నావురా? ముఖం కప్పేత్తే ఊట ఎట్టా వత్తదిరా?"

ఎవరూ సాయం రాలేదు. ఎండిపోయినా ఆ కొయ్య బరువు. అత్తా నేనూ చెరోవైపు పట్టాం. కడుపుతో ఉన్నదానివి వదులు అని ఎవరో అన్నారు. నేను వదల్లేదు. పడవ లేవలేదు. అప్పుడు నా పక్కన ఇంకో చెయ్యి పడింది. తెల్లటి చెయ్యి, గరుకుది. ఎల్దా. ఆమె వెనక వాళ్ళ పెద్ద ఏదో అంటున్నాడు. ఆమె ఒక్క మాటతో ఆయన నోరు మూయించింది, ఆ మాట నాకు తెలియలేదు. మా పేట కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు సిగ్గుపడి వచ్చారు. పడవ బోర్లా పడింది. దీపం ఆరలేదు.

సాక్షి ఏదో అన్నాడు, మాటపెట్టె మోగింది. "ఇది విచారణకు ఆటంకము. పడవను తక్షణమే తొలగించవలెను."

నేను పడవకీ ముఖం పెట్టెకీ మధ్య నిలబడ్డాను. అంతమంది మగవాళ్ళు నా ముఖం చూస్తున్నారు, నా కళ్ళు చూస్తున్నారు. దించుకోలేదు.

"ఆమెకి దగ్గరి బంధువుని నేనేనని మీ పెట్టే చెప్పింది. కదపాలంటే నా అనుమతి కావాలన్నది కూడా అదే. నేను ఇవ్వను" అన్నాను.

సాక్షి కుర్చీలోంచి లేచాడు. అలాగైతే ఆమె నా పూర్వీకురాలని ఒప్పుకుని ముఖం చూపమన్నాడు. ఆ కళ్ళు, ఆ రంగు, అన్నీ కలిశాయి కదా అన్నాడు.

అత్తకి అక్కడే నవ్వొచ్చింది.

"కళ్ళు మూసుకునుందిగా ఆ తల్లి. ఏ రంగో ఎవుడు చూశాడంట?"

గుట్టవాళ్ళ వైపు నుంచి కూడా ఎవరో నవ్వారు. కొలతల ఆయన దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. సాక్షి కోపంగా, అయితే సంబంధం ఏమిటో చెప్పండి, రాసుకోవాలి అన్నాడు.

"పడవ తిప్పినవాళ్ళం" అన్నాను.

మాటపెట్టె పట్టిక వెతికింది. "పట్టికలో అట్టి సంబంధము లేదు" అంది.

"లేకపోతే కొత్తగా పెట్టుకోండి" అన్నాను. "తన నేలలో తను పడుకున్న మనిషి. తెలియక లేపాం. మళ్ళీ పడుకోబెట్టాం. ముక్కు చూసి ఎవరూ ఆమెని అమ్మా అనక్కర్లేదు. ఆమె పేరు చెప్పి ఎవరినీ నీళ్ళ దగ్గర నుంచి తరమడానికి నేను ఒప్పుకోను. మమ్మల్నీ, వాళ్ళనీ. నా పేరు మోకా నాంచారి. అది కూడా రాసుకోండి."

చెప్పాలనుకున్న మాటలు అన్నీ బయటికి వచ్చాయి.

సాక్షి కొలతల ఆయన వైపు చూశాడు. కొలతల ఆయన పెట్టె మూస్తూ, బంధువు అనుమతి లేదు, రుజువు కాలేదు, చట్టం ప్రకారం అందాకా వాడుకునేవాళ్ళదే నీరు అన్నాడు. ఎన్నాళ్ళు అని సాక్షి అడిగాడు. అనుమతి ఇచ్చేదాకా అన్నాడు ఆయన.

నేను ఇవ్వను. రేపూ ఇవ్వను.

వలలు మళ్ళీ దులిపిన రోజు

చాలా రోజులు రాయలేదు. బాబాయి మా ఇంటికి మాటలు మానేశాడు. చేతికొచ్చిన ఊట పారబోశానంటాడు. మా వంతు అన్నిటికంటే చివరికి మార్చాడు. ఇసుక కలిసిన నీళ్ళు వస్తాయి, వడకట్టుకుంటున్నాం. వలలకి సాయం వచ్చే ఆడవాళ్ళు కొందరు రావడం లేదు.

మా వంతు వచ్చినప్పుడు ఎల్దా బిందెలతో వస్తుంది. మా వంతులోంచే పంచుకుంటాం. మొదటిసారి బాబాయి మనిషి అడ్డం వచ్చాడు. వాడుకునేవాళ్ళదే నీరని చట్టం, ఆమె కూడా వాడుకుంటోంది అన్నాను. పక్కకి తప్పుకున్నాడు. తర్వాత ఇంకో రెండు గుట్ట ఇళ్ళవాళ్ళు వచ్చారు. వాళ్ళని కూడా పొమ్మనలేదు.

మొదటి గ్లాసు మళ్ళీ అత్తదే అయింది. నాకదే బాగుంది. నల్ల అద్దాలు మాత్రం వలకి గుండు బదులు కట్టేసింది. గాలికి వల కొట్టుకోకుండా బాగానే ఆపుతున్నాయి.

బిడ్డ పుట్టిన రోజు

ఆడపిల్ల. అత్త మంత్రసాని, ఎల్దా సాయం. వేళ్ళకి ఇంకా బలం రాలేదు, అందుకని ఇది నోటితో చెప్పి రాయిస్తున్నాను.

మధ్యాహ్నం కొలతల ఆయన వచ్చాడు. కచేరి పంపిందట. గుమ్మం బయటే నిలబడ్డాడు, పెట్టె మూత తీయలేదు. రాసుకోవాలి కాబట్టి అడుగుతున్నానన్నాడు. కళ్ళు ఏ రంగని.

అత్త బిడ్డని కొంగు కింద పెట్టుకుని నా వైపు చూసింది. ఏం చెప్పాలో నన్నే చెప్పమన్నట్టు.

"నిద్రపోతోంది. లేపం" అన్నాను.